లైటు వెలిగింది సరే, బటన్ నొక్కి చూశారా?

మొన్న వేసవి సెలవుల్లో మా మేనల్లుడు హాల్లో నేల మీద బ్రెడ్‌బోర్డు పెట్టుకుని కూర్చున్నాడు. బటన్ ఒకసారి నొక్కితే కంప్యూటర్ తెర మీద అంకె ఒకటి పెరగాలి, అంతే ప్రోగ్రాము. నొక్కాడు, 1 వచ్చింది. మళ్లీ నొక్కాడు, 2. మూడో నొక్కుకి 5. నాలుగోదానికి 6, ఆ తర్వాత ఏకంగా 9.

"మామయ్యా, బోర్డు పోయినట్టుంది."

"పోలేదురా. నీ బటనే నువ్వు నొక్కినదానికంటే ఎక్కువసార్లు నొక్కుకుంటోంది."

వాడు నన్ను అనుమానంగా చూశాడు. అంతకు రెండు రోజుల ముందే ఎల్‌ఈడీ బ్లింక్ చేసి, వీడియో తీసి, చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టి అందరి చేతా శభాష్ అనిపించుకున్నాడు. లైటు దగ్గర చెప్పినట్టు విన్న బోర్డు బటన్ దగ్గర ఎందుకు మొండికేసిందో వాడికి అంతుబట్టలేదు. మైక్రోకంట్రోలర్ నేర్పే పుస్తకాలూ కిట్లూ కోర్సులూ వీడియోలూ ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. వాటి మంచిచెడ్డలు తేల్చడానికి నాకు ఇప్పుడు ఒక్క ప్రశ్న చాలు: బటన్ దగ్గరికి వచ్చాక పిల్లవాణ్ణి ఏం చేస్తున్నారు? చాలామంది అదొక చిన్న మెట్టు అన్నట్టు దాటేసి సెన్సర్ల దగ్గరికి పరుగెత్తిస్తారు. నా లెక్కలో చదువు మొదలయ్యేదే అక్కడ.

ముందు వస్తువు సంగతి రెండు ముక్కల్లో. మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్పులో ఇమిడిన బుల్లి కంప్యూటర్. ప్రాసెసరూ మెమరీ, బయటి తీగలు తగిలించుకునే పిన్నులూ అన్నీ అందులోనే. వాషింగ్ మెషీన్‌లో, ఇన్వర్టర్‌లో, టీవీ రిమోట్‌లో పని నడిపేది అదే. ఆర్డుయినో యూనో బోర్డు మీద చాలాకాలం ఉన్న ఏటీమెగా328పి చిప్పునే తీసుకోండి. వేగం 16 మెగాహెర్ట్జ్, ప్రోగ్రాము దాచుకోవడానికి 32 కేబీ, నడుస్తుండగా వాడుకోవడానికి 2 కేబీ ర్యామ్. యూనికోడ్ తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి కాబట్టి, ఈ వ్యాసంలో మీరు ఇప్పటిదాకా చదివిన ముక్క కూడా ఆ ర్యామ్‌లో పట్టదు. అంత ఇరుకు ఇంట్లో కాపురం.

మా తరం ఈ విద్యలోకి దొడ్డిదారిన కాదు, ముళ్లదారిన వచ్చింది. ఇంజనీరింగ్ ల్యాబ్‌లో మొదట 8085 కిట్లు. కాగితం మీద ప్రోగ్రాము రాసుకుని, ఒక్కో ఆదేశానికి పట్టికలో కోడ్ వెతికి, కిట్టు మీది బటన్లతో ఒక్కో బైటూ కొట్టాలి. నడుమ ఒక అంకె తప్పితే మొదటికొచ్చేది. తర్వాత 8051. ఇంటెల్ దాన్ని 1980లో తెచ్చింది. 4 కేబీ ప్రోగ్రాము, 128 బైట్ల ర్యామ్. మాకు దొరికింది ఆట్మెల్ వాళ్ల 89సి51. కోడ్ ఎక్కించడానికి 'డంప్ చెయ్యడం' అనే మాట అప్పటినుంచే ఉంది, ఇప్పటికీ మన కాలేజీల్లో "కోడ్ డంప్ చేశావా?" అనే అడుగుతారు.

ఆ పద్ధతిలో ఒక గొప్ప ఉంది, ఒప్పుకోవాలి. ప్రతి చిన్న విషయానికీ కారణం తెలుసుకోక తప్పేది కాదు. 8051 పిన్నుకు సున్నా ఇస్తే ఎల్‌ఈడీ వెలుగుతుంది, ఒకటి ఇస్తే ఆరుతుంది. తలకిందులుగా ఎందుకంటే, ఆ చిప్పు పిన్ను కరెంటును బయటికి గట్టిగా తొయ్యలేదు, లోపలికి బాగా లాక్కోగలదు. చిప్పు గడియారాన్ని నడిపే క్రిస్టల్ చిల్లర లేని 12 మెగాహెర్ట్జ్ కాకుండా 11.0592 ఎందుకు ఉంటుంది? దాన్ని 12తో, మళ్లీ 32తో, మళ్లీ 3తో భాగించండి. శేషం లేకుండా 9600 వస్తుంది, సీరియల్ పోర్టులో మాట్లాడే వేగం అది. వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగే ప్రశ్న కూడా అదే. అయితే ఇవన్నీ దాటి లైటు వెలిగించే సరికి సెమిస్టర్ గడిచిపోయేది, నా క్లాసులో సగానికి సగం మందికి ఎలక్ట్రానిక్స్ మీద విరక్తి పుట్టేది. వాళ్లలో చాలామంది ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును దుకాణంలో కొన్నారు. నేనూ ఒకసారి స్నేహితుడి వెంట అలాంటి ప్రాజెక్టు సెంటర్‌కు వెళ్లాను. గోడకు వరసగా వేలాడుతున్న బోర్డుల్లో ఒకటి తీసి, దుమ్ము దులిపి, రిపోర్టు బైండింగ్‌తో సహా చేతిలో పెట్టారు. లోపలి చిప్పు పేరు గీకేసి ఉంది.

ఆర్డుయినో పుట్టిందే ఈ ముళ్లు ఏరడానికి. ఇటలీలో ఇవ్రెయా అనే ఊళ్లోని ఒక సంస్థలో డిజైన్ చదివే విద్యార్థుల కోసం 2005లో మొదలైంది. మాసిమో బాంజీ, డేవిడ్ క్వార్టియెల్లెస్, టామ్ ఐగో, జాన్‌లూకా మార్టినో, డేవిడ్ మెల్లిస్ దాని వెనక ఉన్నవాళ్లు. పేరు ఆ ఊళ్లోని ఒక బార్‌ది. ఆ బార్‌కేమో వెయ్యేళ్ల కిందటి రాజు ఆర్డుయిన్‌ది. ఇక్కడ ఒక పేరు తరచూ మరుగున పడుతుంది. అదే సంస్థలో చదివిన కొలంబియా విద్యార్థి హెర్నాండో బర్రగాన్ తన సిద్ధాంత గ్రంథం కోసం 2003లోనే 'వైరింగ్' అనే వేదిక కట్టాడు. డిజిటల్‌రైట్, డిలే లాంటి ఆదేశాలు ఆర్డుయినోకు అక్కణ్ణుంచి వచ్చినవే. ఇంజనీరు కానివాడికి, బొమ్మలు గీసేవాడికి చిప్పును అందించడం వాళ్ల ఆశయం. అందుకే అక్కడ ప్రోగ్రామును ప్రోగ్రాము అనరు, స్కెచ్ అంటారు.

ఆర్డుయినో వచ్చాక లైటు వెలిగించడానికి సెమిస్టర్ అక్కర్లేదు, పది నిమిషాలు చాలు. దానికి చెల్లించిన ధర కూడా ఉంది. డిజిటల్‌రైట్ అనే ఒక్క మాట వెనక ఆ చిప్పు తన గడియారపు టిక్కులు, అంటే క్లాకులు, యాభై పైన ఖర్చు పెడుతుంది. పిన్నును నడిపే చిప్పు లోపలి గడిని, అంటే రిజిస్టర్‌ను, నేరుగా తాకితే రెండు క్లాకుల పని. లైటుకి ఆ తేడా ఏమీ కాదు. కానీ రిజిస్టర్ అనేది ఒకటుందని తెలియకుండానే ఐదారేళ్లు గడిపేసిన కుర్రాళ్లను ఉద్యోగపు ఇంటర్వ్యూల్లో చూశాను. వాళ్ల తప్పు కాదు, చెప్పినవాళ్లు ఆ తలుపు ఉందని చూపించలేదు.

ఆ తర్వాతి తరం ఇంకా మెత్తని దారి వేసింది. 2016లో బ్రిటన్‌లో ఏడో తరగతి పిల్లలకు దాదాపు పది లక్షల బీబీసీ మైక్రోబిట్ బోర్డులు ఉచితంగా పంచారు. అరచేతిలో పట్టే బోర్డు మీద 25 ఎల్‌ఈడీలు, రెండు బటన్లు, కదలికను పసిగట్టే సెన్సరు అన్నీ ముందే ఉంటాయి. తీగ ఒక్కటీ అక్కర్లేదు, తెర మీద రంగురంగుల దిమ్మెలు పేర్చితే ప్రోగ్రాము. ఆ ఎల్‌ఈడీలనే తిరగేసి వాడి గదిలో వెలుతురు ఎంతుందో కొలుస్తారు, ఆ తెలివికి దండం పెట్టాలి. నలభై మంది ఉన్న క్లాసులో టీచర్‌కు ఇంతకన్నా వరం లేదు. కానీ దాని బటన్ ఎప్పుడూ సరిగ్గా ఒక్కసారే లెక్కపెడుతుంది. మా వాణ్ణి ఇబ్బంది పెట్టిన గొడవను లోపలి సాఫ్ట్‌వేర్ ముందే మింగేస్తుంది. పదేళ్ల పిల్లకు అది మేలు. పదహారేళ్లవాడికి పాఠం ఎగిరిపోయినట్టే.

రాస్ప్‌బెర్రీ పై పికో 2021 జనవరిలో నాలుగు డాలర్లకు వచ్చింది. 264 కేబీ ర్యామ్, రెండు కోర్లు. డామియెన్ జార్జ్ 2013లో మొదలుపెట్టిన మైక్రోపైథాన్ దాని మీద హాయిగా నడుస్తుంది. కాలేజీలో పైథాన్ నేర్చుకున్న పిల్లలకు నేను ఇప్పుడు చెప్పేది ఇదే. ఒక్కో లైను టైప్ చేసి ఎంటర్ కొట్టగానే బల్ల మీద ఏదో ఒకటి జరుగుతుంది, ఆ ముచ్చట సి భాషలో లేదు. వైఫై కావాలంటే ఎస్ప్రెసిఫ్ వాళ్ల ఈఎస్‌పీ32. ఆర్డుయినో చిత్రం కూడా మారుతోంది. 2025 అక్టోబరులో క్వాల్‌కామ్ దాన్ని కొంటున్నట్టు ప్రకటించింది. మన దగ్గర సీడాక్ వాళ్లు వేగా ప్రాసెసర్లతో ఏరీస్ బోర్డులు చేశారు, వాటినీ ఆర్డుయినో పద్ధతిలోనే రాయొచ్చు.

ఏ బోర్డు కొనాలి అన్న ప్రశ్న నాకు వారానికోసారైనా ఎదురవుతుంది. ఏదైనా కొనండి. యూనో రూపకల్పన అందరికీ ఉచితం కాబట్టి కోఠి గుజరాతీ గల్లీలో కొన్ని వందలకే దొరికే బోర్డును నకిలీ అనడం కూడా సరికాదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి: యూనో 5 వోల్టులది, పికో, ఈఎస్‌పీ32 3.3 వోల్టులవి. 5 వోల్టుల సెన్సర్ జవాబును నేరుగా వాటి పిన్నులో పెడితే ఇవాళ పనిచేసి ఎల్లుండి పోతుంది. ఇంకొకటి, డేటా వెళ్లే యూఎస్‌బీ కేబుల్ కొనండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ పెట్టి పోర్టు కనపడటం లేదని రాత్రంతా డ్రైవర్లు మార్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఇక లైటు. బ్లింక్ ప్రోగ్రాము ఏం నేర్పుతుంది? కేబుల్ మంచిదే, బోర్డు బతికే ఉంది, పోర్టు సరిగ్గానే ఎంచుకున్నాం, అంతవరకే. బోర్డు మీద ముందే ఎల్‌ఈడీ ఉంటుంది కాబట్టి కరెంటు సంగతి అసలు తెలియదు. విడి ఎల్‌ఈడీ తీసుకుని రెసిస్టర్‌తో పెట్టినప్పుడే లెక్క మొదలవుతుంది. ఎర్ర ఎల్‌ఈడీ దాదాపు 2 వోల్టులు తింటుంది, 5లోంచి 2 పోతే 3. దాన్ని 220 ఓములతో భాగిస్తే 13.6 మిల్లీఆంపియర్లు. ఏటీమెగా పిన్ను నుంచి 20కి మించి లాగొద్దు, 40 దాటితే చిప్పుకే ముప్పు, అన్ని పిన్నులూ కలిపి 200. రెసిస్టర్ లేకుండా పెట్టినా వెలుగుతుంది, అదే చిక్కు. "వెలుగుతోంది కదా మామయ్యా" అన్నవాడికి జవాబు చెప్పడం కష్టం. చార్లెస్ ప్లాట్ పుస్తకం 'మేక్: ఎలక్ట్రానిక్స్' ఈ విషయంలో నాకు ఇష్టం, కాలితే కాలనీ, చెడితే చెడనీ, చేసి నేర్చుకో అంటాడు. ఎల్‌ఈడీ ఒకటీ రెండు రూపాయలు. ఒకటి మాడిస్తే పోయేదేం లేదు.

లైట్లలో ఇప్పుడు పిల్లలకు మోజు పిక్సెల్ స్ట్రిప్పుల మీద. వినాయక చవితి మంటపాలకు కట్టే రంగులు మారే వరసలు అవి. ఒక్క తీగతో వందల లైట్లకు విడివిడిగా రంగు చెప్పొచ్చు. అయితే తెల్లరంగు పూర్తిగా వెలిగితే ఒక్కో లైటూ 60 మిల్లీఆంపియర్ల దాకా తాగుతుంది. మీటరుకు 60 లైట్లుంటే 3.6 ఆంపియర్లు. దాన్ని బోర్డు 5 వోల్టుల పిన్నుకు తగిలించి, మొదటి ఇరవై తెల్లగా, మిగతావి గోధుమరంగులో ఎందుకు వెలుగుతున్నాయని అడుగుతారు. వేరే అడాప్టర్ పెట్టి, దాని గ్రౌండ్‌నీ బోర్డు గ్రౌండ్‌నీ కలపండి. ఆ కలపడం మర్చిపోతే ఏ రంగూ మాట వినదు.

బటన్ దగ్గరికి వద్దాం. నాలుగు కాళ్ల చిన్న బటన్‌లో రెండేసి కాళ్లు లోపల ముందే కలిసి ఉంటాయి. దాన్ని పావువంతు తిప్పి గుచ్చితే ఎప్పుడూ నొక్కి ఉన్నట్టే. ఇది మొదటి గండం. రెండోది, గాల్లో తేలే పిన్ను. బటన్ వదిలేసి ఉన్నప్పుడు పిన్ను దేనికీ తగలకుండా ఉంటే దానికి సున్నా అనీ ఒకటి అనీ ఏమీ ఉండదు. చెయ్యి దగ్గరికి తెస్తే మారుతుంది, పక్కన ఫ్యాను తీగ ఉంటే మారుతుంది. పిన్ను దానంతటదే నొక్కుకుంటోందని దయ్యం పట్టినట్టు చెప్పేవాళ్లను చూశాను. చిప్పు లోపలే ఒక పుల్‌అప్ రెసిస్టర్ ఉంది, 20 నుంచి 50 కిలో ఓముల మధ్యది. ప్రోగ్రాములో ఒక్క మాటతో దాన్ని తగిలించుకుంటే పిన్ను ఒకటి దగ్గర నిలబడుతుంది, బటన్ నొక్కితే సున్నాకు దిగుతుంది. అంటే నొక్కితే సున్నా, వదిలితే ఒకటి. ఈ తలకిందుల లెక్క అలవాటు కావడానికి రెండు రోజులు పడుతుంది. పడనివ్వండి.

మూడోది మా మేనల్లుడిది. బటన్‌లో రెండు లోహపు రేకులు ఒకదానికొకటి తగులుతాయి. తగలగానే అతుక్కుని ఉండవు. సిమెంటు గచ్చు మీద పడ్డ బిళ్లలా ఎగిరి, తగిలి, మళ్లీ ఎగిరి, కొన్ని మిల్లీసెకన్ల తర్వాత కుదురుకుంటాయి. మన వేలికి అది ఒక్క నొక్కు. చిప్పుకు ఒక మిల్లీసెకను అంటే 16,000 క్లాకులు. రేకు ఎగిరిన ప్రతిసారీ చూసి, ప్రతిసారీ లెక్కపెట్టే తీరిక దానికుంది. వదిలేటప్పుడూ ఇదే తంతు, ఈ సంగతి చాలామంది చెప్పరు. దీన్నే బౌన్స్ అంటారు. మార్పు కనబడగానే నమ్మెయ్యకుండా ఇరవై మిల్లీసెకన్లు ఆగి, అప్పటికీ అలాగే ఉంటే అప్పుడు లెక్కలోకి తీసుకోవాలి. నాలుగైదు లైన్ల పని.

నేను వాడికి ఆ లైన్లు చెప్పలేదు. ప్రతి మార్పూ ఎప్పుడు జరిగిందో మైక్రోసెకన్లలో సీరియల్ మానిటర్‌లో ప్రింట్ చెయ్యమన్నాను. ఒక్క నొక్కుకి ఏడు లైన్లు వచ్చాయి, అన్నీ మూడు మిల్లీసెకన్ల లోపల. వాడు ఇంకోసారి నొక్కాడు, ఐదు. మెల్లగా నొక్కి చూశాడు, గట్టిగా నొక్కి చూశాడు, పాత కాలింగ్ బెల్ స్విచ్ ఊడదీసి దాన్నీ తగిలించాడు. దాని బౌన్స్ ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే రాలేదు. మా అక్క నా వైపు కోపంగా చూసింది.

ఇంత చిన్న గండం మీద నేను ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ప్రోగ్రాము ఊహకూ వస్తువు నడతకూ మధ్య సందు మొదటిసారి కళ్లకు కట్టేది ఇక్కడే. పైగా దాని వెంటే ఇంకో పెద్ద సమస్య వస్తుంది: కాలం. ఎల్‌ఈడీ సెకనుకోసారి ఆరి వెలగాలి, అదే సమయంలో బటన్ నొక్కితే బజర్ మోగాలి. బ్లింక్‌లో నేర్చుకున్న డిలేతో ఇది సాధ్యం కాదు. డిలే అంటే ఆ సెకను పాటు చిప్పు కళ్లు మూసుకుని కూర్చుంటుంది, అప్పుడు నొక్కిన నొక్కు ఎవరికీ వినపడదు. మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఈ మలుపులోనే, నేను చూసినంతలో. వంట చేసేవాళ్లకు దీని పరిష్కారం చెప్పక్కర్లేదు. అన్నం ఉడికేదాకా కుక్కర్ ముందు నిలబడరు. విజిల్ వైపు ఒక చెవి వేసి కూర తరుగుతారు. మిల్లిస్ అనే గడియారాన్ని మాటిమాటికీ చూస్తూ, ఏ పనికి వేళైతే ఆ పని చేసి తిరిగి రావడం. మొదటి పాఠంలో డిలే నేర్పి, పదో పాఠంలో అది తప్పు అనడం కోర్సులకు అలవాటు. మధ్యలో ఎవరూ క్షమాపణ చెప్పరు.

ఆ కాలం లెక్కలో ఒక తమాషా ఉంది. యూనో మీద ఒక నిమిషం ఆగడానికి కొత్తవాళ్లు డిలేలో 60 ఇంటూ 1000 అని రాస్తారు. చూడ్డానికి ఏ తప్పూ లేదు. కానీ ఆ చిప్పులో మామూలు పూర్ణాంకం 32,767 వరకే. గుణిస్తే 60,000 రావలసింది పొంగిపోయి మైనస్ 5,536 అవుతుంది. డిలేకు మైనస్ తెలియదు, దాన్ని నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల పైచిలుకు మిల్లీసెకన్లుగా చదువుకుంటుంది. నిమిషం ఆగమంటే 49 రోజుల పైన ఆగుతుంది. బోర్డు హ్యాంగ్ అయిందని విసిరికొట్టకుండా రెండు నెలలు ఓపిక పడితే సరిగ్గానే పనిచేస్తుందన్నమాట!

ఏఐని అడిగితే ఈ కోడ్ అంతా నిమిషంలో రాసి ఇస్తుంది కదా అనొచ్చు. ఇస్తుంది, చాలావరకు సరిగ్గానే ఇస్తుంది. బటన్‌ను పావువంతు తిప్పి గుచ్చారన్న సంగతి దానికి కనపడదు. కోడ్ సరైనదే, తీగ తప్పు అయినప్పుడు పిల్లలు మళ్లీ మళ్లీ కోడే మార్పించుకుంటారు. టింకర్‌క్యాడ్, వోక్వి లాంటి సిమ్యులేటర్లు బోర్డు కొనలేనివాళ్లకు నిజంగా మేలు చేశాయి, వాటిని తక్కువ చెయ్యను. కానీ అక్కడ లూజు కాంటాక్టు ఉండదు, తుప్పు ఉండదు.

సెన్సర్ల దగ్గర కిట్ల అమ్మకం జోరు. ముప్పై ఏడు సెన్సర్లు ఒకే డబ్బాలో అని అమ్ముతారు. నా ఓటు మూడింటికి. వాటితోనైనా, సెన్సరు చెప్పిన అంకెకూ నిజానికీ దూరం ఎంతో కొలవడం నేర్పాలి. ఉష్ణోగ్రత కొలిచే ఎల్‌ఎం35 డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. 35 డిగ్రీలంటే 350 మిల్లీవోల్టులు. యూనో 5 వోల్టులను 1024 మెట్లుగా కోస్తుంది, మెట్టుకు 4.88 మిల్లీవోల్టులు, అంటే అర డిగ్రీకి ఒక మెట్టు. ఇప్పుడు ల్యాప్‌టాప్ యూఎస్‌బీ 5 కాకుండా 4.7 వోల్టులే ఇస్తోందనుకోండి. ప్రోగ్రాము మాత్రం 5 అనే నమ్ముతుంది. 35 డిగ్రీల గది 37 డిగ్రీలకు పైగా కనపడుతుంది. సెన్సరు మంచిదే, కొలబద్ద కురచైంది. చిప్పు లోపలి 1.1 వోల్టుల ప్రమాణాన్ని వాడుకుంటే మెట్టు డిగ్రీలో పదో వంతుకు దిగుతుంది, యూఎస్‌బీ ఊగిసలాటతో సంబంధం ఉండదు. ఇది చెప్పే పాఠాలు చాలా తక్కువ. ఇంకో ఉష్ణోగ్రత సెన్సరు డీహెచ్‌టీ11 అయితే కంపెనీ కాగితంలోనే రెండు డిగ్రీలు అటూఇటూ అని రాసుకుంది. దాని అంకెను పట్టుకుని 'మా గది ఏసీ కన్నా చల్లన' అనే ప్రాజెక్టులు నడుస్తుంటాయి.

దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సరుతో నాకు ఒక సరదా. అది 40 కిలోహెర్ట్జ్ శబ్దం పంపి, ప్రతిధ్వని వచ్చేదాకా పట్టిన కాలాన్ని ఇస్తుంది. మైక్రోసెకన్లను 58తో భాగిస్తే సెంటీమీటర్లు అని అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. ఆ 58 చల్లటి దేశపు గదికి సరిపోయే అంకె. గాలి వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుంది. రెంటచింతలలో మే నెల 42 డిగ్రీల మధ్యాహ్నం మీటరు దూరంలో ఉన్న గోడను అదే సెన్సరు 96, 97 సెంటీమీటర్లు అంటుంది. ఆ మూడు సెంటీమీటర్లు ఎక్కడికి పోయాయో పిల్లలు కనిపెడితే ఫిజిక్స్ పుస్తకంలోని ఒక పేజీకి ప్రాణం వచ్చినట్టే.

మట్టి తేమ సెన్సరు మన పిల్లల సైన్స్ ఫెయిర్లలో తప్పనిసరి. నీళ్లు తగ్గితే మోటారు ఆన్ అయ్యే నమూనా లేని స్టాలు ఉండదు. ఆ రెండు మొనల ఫోర్కు లాంటి సెన్సరును ఎప్పుడూ కరెంటులోనే ఉంచితే తడి మట్టిలో విద్యుద్విశ్లేషణ జరిగి ఒక మొన కొన్ని వారాలకే అరిగిపోతుంది. చదివేటప్పుడు మాత్రం పిన్ను ద్వారా కరెంటు ఇచ్చి వెంటనే తీసేస్తే ఎక్కువకాలం బతుకుతుంది. కెపాసిటివ్ రకం ఇంకా మేలు. అన్నట్టు, మన పల్లెలకు ఆటోమేషన్‌ను పరిచయం చేసింది స్కూలు ల్యాబులు కాదు, బోరుబావుల దగ్గరి ఆటో స్టార్టర్లు. కరెంటు ఏ అర్ధరాత్రి వచ్చినా మోటారు దానంతటదే ఆడాలని రైతులు పెట్టుకున్నారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టే ముందు వాటిని తీసేయమని ప్రభుత్వమే ఊరూరా చెప్పించాల్సి వచ్చింది. అంతగా అల్లుకుపోయాయి. పిల్లలు నమూనా దాటి నిజం మోటారుకు రిలే కట్టబోతే మాత్రం ఆపండి. 230 వోల్టుల పక్కన బ్రెడ్‌బోర్డు ఉండకూడదు, ఎలక్ట్రీషియన్ ఉండాలి.

నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ టింకరింగ్ ల్యాబులు దేశంలో 10,000 స్కూళ్లకు చేరాయి, ఒక్కోదానికి 20 లక్షల దాకా సాయం. 2025 బడ్జెట్‌లో మరో 50,000 పెడతామన్నారు. మంచిదే. నేను వెళ్లి చూసిన ఒక ల్యాబులో డబ్బాల మీద ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. పాడవుతాయేమోనని పిల్లల్ని ముట్టుకోనివ్వడం లేదట. తనిఖీకి వస్తే ఒక్క వస్తువు తక్కువైనా తానే జవాబు చెప్పుకోవాలని ఆ టీచర్ భయం. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. మాడిపోయిన ఎల్‌ఈడీలను ఖర్చు కింద రాసుకోవచ్చని ఎవరైనా ఒక కాగితం మీద రాసి ఇస్తే ఆ కవర్లు ఊడతాయి.

చివరగా తెరలు. రెండు వరసల్లో పదహారేసి అక్షరాలు చూపే ఎల్‌సీడీ దశాబ్దాల నాటిది, దాని గుండెకాయ హిటాచీ వాళ్ల హెచ్‌డీ44780. కొత్తగా కొన్నవాళ్లలో సగం మంది తెర ఖాళీగా ఉందనో, అన్నీ నల్ల డబ్బాలే వస్తున్నాయనో అడుగుతారు. వెనక నీలిరంగు చిన్న స్క్రూ తిప్పండి, కాంట్రాస్ట్ అది. అప్పటికీ రాకపోతే అడ్రసు చూడండి. రెండు తీగల ఐ2సి రకంలో కొన్ని హెక్స్ 27, కొన్ని 3ఎఫ్. ఓలెడ్ తెర అందంగా ఉంటుంది కానీ 128 చుక్కల వెడల్పు, 64 ఎత్తు కలిస్తే 1,024 బైట్లు. యూనో ర్యామ్‌లో సగం ఆ బొమ్మకే పోతుంది. మిగిలిన సగంలో ఇంకో లైబ్రరీ వేసేసరికి ప్రోగ్రాము వింతగా పడిపోతుంటే చాలామంది తెర పాడైందనుకుంటారు.

ఆ పాత ఎల్‌సీడీ చిప్పులో ఇంగ్లిషు అక్షరాలున్నాయి, మామూలుగా దొరికేవాటిలో జపాన్ కటకానా కూడా ఉంది. మనవి లేవు. మనం సొంతంగా గీసుకోవడానికి ఎనిమిది గళ్లు ఇచ్చారు, ఒక్కోటీ ఐదు చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. గుండ్రటి తెలుగు అక్షరం అందులో ఊపిరాడక ఛస్తుంది. ఫోన్‌లో గుణింతాలనూ ఒత్తులనూ అమర్చిపెట్టే సాఫ్ట్‌వేర్ ఈ చిప్పుల్లో ఇమిడేది కాదు. చేత్తో గీసుకోవడమే.

సెలవులు అయిపోయే ముందు మా మేనల్లుడు గ్రాఫ్ నోట్‌బుక్ తెచ్చి 'అమ్మమ్మ' అని గీశాడు. అ-కు రెండు గళ్లు, మ-కు రెండు. మ-ఒత్తుకు కింది వరసలో ఒకటి. మ్మ రెండుసార్లు వస్తుంది కాబట్టి అవే గళ్లు మళ్లీ వాడుకున్నాడు. మొత్తం ఐదు. పై వరసకూ కింది వరసకూ మధ్య ఖాళీ వల్ల ఒత్తు అక్షరం నుంచి తెగి వేలాడుతోంది, అయినా మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివేసింది.

"మరి నా సంగతేంట్రా?" అన్నాడు పక్కన కూర్చున్న మా నాన్న.

'తాతయ్య'కు ఏడు గళ్లు కావాల్సొచ్చింది. ఐదూ ఏడూ పన్నెండు, ఉన్నవి ఎనిమిది. రెండూ ఒకేసారి తెర మీద ఉండవు. వాడు సాయంత్రమంతా కూర్చుని, బటన్ నొక్కితే పాత గళ్లు చెరిపి కొత్తవి నింపేలా రాశాడు. నొక్కాడు. తాతయ్య వచ్చాడు. వేలు తీశాడు. అమ్మమ్మ తిరిగొచ్చింది. మళ్లీ నొక్కాడు, తాతయ్య. వేలు తీస్తే అమ్మమ్మ.

"ఆవిడ నన్నెక్కడ నిలబడనిస్తుంది," అన్నాడు మా నాన్న.

నేను నోరు తెరవబోయాను. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెప్పకు మామయ్యా. వదిలేటప్పుడు కూడా ఎగురుతుంది."